అప్‌డేట్: కస్టమర్లు పెరగకుండానే క్లౌడ్ బిల్లు పెరగడానికి కారణం దొరికింది

మాదాపూర్‌లో మాది చిన్న ఆఫీసు. ట్రాఫిక్ మామూలుగానే ఉన్నా ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్ సేవ) బిల్లు నెలనెలా పెరుగుతోందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది ‘ఏడబ్ల్యూఎస్ ఖర్చులు చూపించే కాస్ట్ ఎక్స్‌ప్లోరర్‌లో యూసేజ్ టైప్ (ఏ రకం వాడకానికి ఎంత) వారీగా విడదీసి చూడండి’ అన్న సలహా. అసలు ఖర్చు సర్వర్లది కాదు, ‘ఈసీ2-అదర్’ అనే పద్దు కింద దాక్కున్న నాట్ (NAT) గేట్‌వేది, అంటే లోపలి సర్వర్లు ఇంటర్నెట్‌కి వెళ్లే దారిది. మేం పిలిపించిన కన్సల్టెంట్ విప్పి చూపించారు: ప్రైవేట్ సబ్‌నెట్‌లోని (ఇంటర్నెట్‌కి నేరుగా దారి లేని లోపలి నెట్‌వర్క్) సర్వర్లు రాత్రి బ్యాకప్‌లను ఎస్3కి (ఏడబ్ల్యూఎస్ ఫైల్ స్టోరేజ్) పంపుతుంటే, అదంతా నాట్ గేట్‌వే మీదుగా పోతోంది. దానికి గంటల అద్దె కాక, దాటే ప్రతి జీబీకీ విడిగా చార్జీ. ఎస్3 అదే రీజియన్‌లో (డేటా సెంటర్లున్న ప్రాంతం) ఉన్నా సరే! హాల్లోంచి వంటింట్లోకి వెళ్లడానికి టోల్ కట్టినట్టు.

ఎస్3కి గేట్‌వే ఎండ్‌పాయింట్ (నాట్ గేట్‌వే తగలకుండా ఎస్3కి వెళ్లే దారి) పెట్టి, ట్రాఫిక్ ఎటు పోవాలో చెప్పే రూట్ టేబుల్‌కి కలిపారు. దీనికి అదనపు చార్జీ లేదు. ఇంటర్‌ఫేస్ ఎండ్‌పాయింట్ అనే ఇంకో రకం వేరు, దానికి డబ్బులు పడతాయి. మర్నాటికే బిల్లులో ఆ ఖర్చు తగ్గిపోయింది.

ఇక్కడ వచ్చిన మిగతా సలహాల సంగతి: ముంబై నుంచి హైదరాబాద్ రీజియన్‌కి మారాల్సిన పనే రాలేదు. సేవింగ్స్ ప్లాన్ (ఇంత వాడతామని ముందే ఒప్పుకుంటే ఇచ్చే తగ్గింపు) సర్వర్ల లాంటి వాటి రేటు తగ్గిస్తుంది కానీ, ఈ నాట్ గేట్‌వే చార్జీని ముట్టుకోదు. వాడని పబ్లిక్ ఐపీలు (ఇంటర్నెట్ అడ్రసులు) కూడా తీసేశాం. 2024 ఫిబ్రవరి నుంచి ఒక్కో పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకి గంటకు 0.005 డాలర్లు, మా బిల్లులో అది చిల్లరే.

ఒక్క జాగ్రత్త: ఎస్3 బకెట్ (ఫైళ్లు దాచే చోటు) పాలసీలో ‘ఫలానా పబ్లిక్ ఐపీ నుంచే రావాలి’ అన్న షరతు ఉంటే ముందే మార్చండి, లేకపోతే ఎండ్‌పాయింట్ పెట్టగానే ట్రాఫిక్ ఆ ఐపీ నుంచి రాదు కాబట్టి యాక్సెస్ ఆగిపోతుంది.