డిజిటల్ మానసిక ఆరోగ్య పరిశోధనల్లో జాతి వివరాలను ఎలా చూడాలి?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని):
కుంగుబాటుకు మొబైల్ యాప్‌ల ద్వారా అందించే చికిత్సలపై అమెరికాలో జరిగిన ప్రయోగాలను సమీక్షిస్తూ ఒక అధ్యాయం రాస్తున్నాను. చాలా వ్యాసాల్లో జాతి, ఎథ్నిసిటీ (సంస్కృతి, పూర్వీకుల మూలం) వివరాలు మొదటి పట్టికలో కనిపించి, ఆ తర్వాత ఎక్కడా ప్రస్తావనకు రావు. కొన్నింటిలో శ్వేతజాతీయులకు ఒక వరుస కేటాయించి, మిగిలినవారందరినీ ‘ఇతరులు’ అనే వరుసలోకి నెట్టేశారు. ఇంకొన్ని వ్యాసాలు వయసు, విద్యలతో పాటు జాతిని కూడా రిగ్రెషన్‌లో (ఒక ఫలితంపై పలు అంశాల ప్రభావాన్ని విడదీసి అంచనా వేసే గణాంక పద్ధతిలో) చేర్చి, దాని ప్రభావాన్ని సరిచేశామని ఒక్క వాక్యంలో ముగించాయి. అలా సరిచేసినప్పుడు నిజానికి ఏది తొలగిపోతోందో నాకు బోధపడటం లేదు. ఈ వ్యాసాలను ఏ ప్రమాణంతో తూచాలి?

జవాబు (ప్రజారోగ్య అధ్యాపకుడు):
జాతి అనేది సమాజం మనుషులను విభజించిన తీరే తప్ప శరీర ధర్మం కాదు. ఆ విభజన కూడా స్థిరంగా లేదు. అమెరికా ప్రభుత్వ బడ్జెట్ నిర్వహణ కార్యాలయం 1977 నాటి ప్రమాణాలను 1997లో సవరించి, ఐదు జాతి వర్గాలను నిర్ణయించి, హిస్పానిక్ (స్పానిష్ భాషా సంస్కృతికి చెందిన) మూలాన్ని విడి ప్రశ్నగా ఉంచింది. 2024లో ఆ రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలిపి, అంతవరకు శ్వేతజాతీయుల కింద లెక్కించిన మధ్యప్రాచ్య, ఉత్తర ఆఫ్రికా మూలాలవారికి ప్రత్యేక వర్గాన్ని ఏర్పాటు చేసింది. అందువల్ల పాత, కొత్త ప్రయోగాల పట్టికలను నేరుగా పోల్చకండి. జాతిని ఎవరు నమోదు చేశారో, పాల్గొన్నవారు స్వయంగా చెప్పుకున్నారో లేదో కూడా చూడండి.

ఇక సరిచేయడం సంగతి. దాని వల్ల చికిత్స ఫలితం అందరికీ కలిపి ఒకే అంకెగా వస్తుంది. యాప్ అన్ని వర్గాలకూ ఒకేలా పనిచేసిందా అన్నది ఆ అంకె చెప్పదు. వివక్ష, ఆరోగ్య బీమా, భాష, వైద్యవ్యవస్థపై నమ్మకం వంటి వాటిలో దేనికి బదులుగా జాతిని వాడుతున్నారో రచయితలు ముందే చెప్పకపోతే, వెతకవలసిన కారణాలన్నీ ఆ ఒక్క చలరాశి కిందే కప్పబడిపోతాయి. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు.

జవాబు (డేటా విశ్లేషకురాలు):
కొలిచే సాధనం అన్ని వర్గాల్లోనూ ఒకే విషయాన్ని కొలుస్తోందా అన్నది అంతకంటే ముందు తేలాలి. కుంగుబాటు లక్షణాలను కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళికి మొత్తం 27 మార్కులు; 10 లేదా అంతకు మించి వస్తే కుంగుబాటు ఉండవచ్చని సాధారణంగా భావిస్తారు. నిద్ర, అలసట, ఆకలికి సంబంధించిన మూడు ప్రశ్నలకే 9 మార్కులు ఉన్నాయి గనుక, రాత్రి షిఫ్టుల్లో పనిచేసే మనిషి పెద్దగా దిగులు లేకుండానే ఆ గీత దరిదాపులకు చేరగలడు. ఏ వర్గంవారు అలాంటి పనుల్లో ఎక్కువగా ఉంటారో, వారి మార్కులకు అర్థం మారిపోతుంది.

డేటా నుంచి కంప్యూటర్ తానే నేర్చుకునే యంత్రాభ్యసనంలో (మెషీన్ లెర్నింగ్) ఈ చిక్కు మరింత తీవ్రమవుతుంది. ‘నేను’ అనే మాటను ఎక్కువగా వాడటం కుంగుబాటుకు సూచన అని అనేక అధ్యయనాలు చెబుతూ వచ్చాయి. 868 మంది ఫేస్‌బుక్ రాతలను పరిశీలించి 2024లో పీఎన్ఏఎస్ అనే అమెరికా విజ్ఞాన పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో ఆ సంబంధం శ్వేతజాతీయుల్లో కనిపించింది, నల్లజాతీయుల్లో కనిపించలేదు. రాతలను బట్టి కుంగుబాటును అంచనా వేసే కంప్యూటర్ నమూనాకు నల్లజాతీయుల రాతలతోనే శిక్షణ ఇచ్చినా, వారి విషయంలో అది సరిగా పనిచేయలేదు. అంటే డేటాను పెంచినంత మాత్రాన సరిపోదు, ఎంచుకున్న సూచికనే ప్రశ్నించాలి. మాటలను విని అక్షరాలుగా మార్చే ఐదు ప్రముఖ వ్యవస్థలను 2020లో పరీక్షించినప్పుడు కూడా, నూటికి సగటున నల్లజాతీయుల మాటల్లో 35, శ్వేతజాతీయుల మాటల్లో 19 తప్పుగా నమోదయ్యాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక వర్గంలో ఆరుగురో ఏడుగురో మాత్రమే ఉన్నప్పుడు రచయితలు చేయగలిగింది ఏముంటుంది?

జవాబు (క్లినికల్ ప్రయోగాల గణాంకవేత్త):
అంత తక్కువ మందితో వర్గాల మధ్య తేడా లేదని తేల్చడం తప్పు. తేడాను పట్టుకునే శక్తి ఆ ప్రయోగానికే లేదు. పాల్గొన్నవారి గోప్యతకు భంగం కలగనంత మేరకు సంఖ్యలను విడివిడిగా ఇచ్చి, ఆ వర్గం గురించి తీర్మానం చేయలేమని చెప్పడమే నిజాయితీ. అసలు పరిష్కారం ప్రయోగంలోకి మనుషులను చేర్చుకునే దశలో ఉంది: తక్కువగా ఉన్న వర్గాలను కావాలనే ఎక్కువ సంఖ్యలో చేర్చుకోవాలి, వారి భాషలో యాప్‌ను సిద్ధం చేయాలి, ప్రశ్నలను ముందుగా వారికే చూపించాలి.

మీ సమీక్షలో ఇంకొక విషయం తప్పక గమనించండి. డిజిటల్ ప్రయోగాల్లో మధ్యలో యాప్ వదిలేసేవారు చాలామంది ఉంటారు. చేరినవారి జాతి వివరాలు ఇచ్చి, చివరివరకు నిలిచినవారి వివరాలు ఇవ్వని వ్యాసంలో ఎవరికి మేలు జరిగిందో ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట రచయితలకు రాసి ఆ సంఖ్యలు అడగండి. అడిగిన సంగతినీ, వచ్చిన జవాబునూ మీ పట్టికలోనే నమోదు చేయండి.