పాత ఎమ్‌ఎక్స్-5లో ఉన్నది ఏ రకం ఎల్‌ఎస్‌డీ? విప్పకుండా తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న (రెండుసీట్లబండి):
కారు 1991 మాజ్దా ఎమ్‌ఎక్స్-5, 1.6 ఇంజిన్, మాన్యువల్. అమ్మినాయన "ఎల్‌ఎస్‌డీ ఉంది" (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే వెనక చక్రాల మధ్య ఉండి ఒకటి జారితే రెండోదానికి బలం పంపే గేర్ల పెట్టె) అన్నారు గానీ ఏ రకమో చెప్పలేదు, కాగితాలూ లేవు. వెనక చక్రాలు రెండూ లేపి న్యూట్రల్‌లో ఎడమది తిప్పితే, కుడిది ఒక్కోసారి అదే వైపు తిరుగుతోంది, ఒక్కోసారి అసలు కదలడం లేదు. విస్కస్ (చిక్కటి ద్రవంతో పనిచేసేది) అనుకోవాలా, టార్సెన్ (గేర్లతో పనిచేసేది) అనుకోవాలా, ఎవరైనా ప్లేట్ల రకం (ఒరుసుకునే పళ్ళేలతో పనిచేసేది) వేయించారా? ఆయిల్ మార్చాలి, ఫ్రిక్షన్ మాడిఫయర్ (ఒరిపిడిని తగ్గించే కలుపుడు ద్రవం) కలపాలో వద్దో తెలియక ఆగాను.

పళ్ళచక్రం:
న్యూట్రల్ పరీక్ష ఒక్కదాన్నే నమ్మకండి. కుడి వైపు బ్రేక్ ప్యాడ్ కాస్త ఒరుసుకుంటున్నా ఆ చక్రం ఆగిపోతుంది, బదులుగా ప్రాప్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్‌కు వచ్చే పొడవాటి కడ్డీ) తిరుగుతుంది. చలికి ఆయిల్ చిక్కగా ఉంటే ఓపెన్ (ఎల్‌ఎస్‌డీ కాని మామూలు) డిఫరెన్షియల్ కూడా అవతలి చక్రాన్ని కొంచెం లాక్కుపోగలదు. ముందు బండిని కాసేపు నడిపి ఆయిల్ వేడెక్కనివ్వండి. తర్వాత ముందు చక్రాలకు అడ్డాలు పెట్టి, వెనక స్టాండ్ల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా వదిలేయండి.

ఇప్పుడు మొదటి గేర్‌లో వేసి ఒక చక్రం చేత్తో తిప్పండి. ప్రాప్ షాఫ్ట్ కదలదు కాబట్టి ఏ రకమైనా అవతలి చక్రం ఎదురు వైపే తిరగాలి. చూడాల్సింది చేతికి ఎంత బరువు తగులుతోందన్నది. తేలిగ్గా తిరిగితే ఓపెన్, లేదా పూర్తిగా అరిగిపోయిన ప్లేట్లు. బాగున్న ప్లేట్ల రకమైతే చేతికి లొంగదు, బార్ వేయాల్సిందే. విస్కస్ తేనెలో గరిటె తిప్పినట్టు ఉంటుంది, మెల్లగా తోస్తే వస్తుంది, విసురుగా తోస్తే బిగుస్తుంది. టార్సెన్‌లో వేగం మారినా బరువు దాదాపు ఒకేలా ఉంటుంది.

రేషియో, అంటే చక్రాల ఒక్క చుట్టుకు ప్రాప్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది కూడా లెక్కపెట్టండి. ఫ్యాక్టరీ 1.6కి 4.30 వస్తుంది, 1994 నుంచి వచ్చిన 1.8కి చాలా మార్కెట్లలో 4.10. చక్రం ఒక్క చుట్టు తిప్పి చూస్తే ఈ తేడా దొరకదు. న్యూట్రల్‌లో రెండు చక్రాలనూ కలిపి ఒకే వైపు 10 చుట్లు తిప్పి ప్రాప్ షాఫ్ట్ చుట్లు లెక్కించండి. 43 వస్తే 4.30, 41 వస్తే 4.10. ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్నే తిప్పితే ప్రాప్ షాఫ్ట్ అందులో సగమే తిరుగుతుంది, అప్పుడు 20 చుట్లు కావాలి.

ఇరుసు_నిపుణుడు:
చక్రాలు ఒకే వైపు తిరిగాయి కాబట్టి టార్సెన్ కాదని కొందరంటారు, అది తప్పు. లోపల ప్రీలోడ్ (ముందే పెట్టిన బిగింపు) ఉన్న టార్సెన్ కూడా అలాగే తిరుగుతుంది. ప్రీలోడ్ తగ్గితే ఎదురు తిరుగుతుంది, అయినా రోడ్డు మీద పనిచేస్తూనే ఉంటుంది. రెండు చక్రాలకూ పట్టు ఉన్నప్పుడే దాని పని తెలుస్తుంది. బయాస్ (జారే చక్రానికంటే రెండోదానికి ఎన్ని రెట్లు పంపగలదన్నది) 2.5 అనుకుంటే, జారే చక్రం 100 ఎన్‌ఎమ్ (న్యూటన్ మీటర్ల తిప్పే బలం) మోయగలిగినప్పుడు రెండో దానికి 250 ఎన్‌ఎమ్ దాకా పంపుతుంది. జారే చక్రం గాల్లో ఉంటే సున్నాకి ఎంత గుణించినా సున్నాయే. అందుకే ఒక చక్రం లేచినప్పుడు బ్రేక్ కాస్త అద్దితే బండి కదులుతుంది.

ఫ్యాక్టరీ లెక్క చూస్తే 1.6లో వచ్చిన ఎల్‌ఎస్‌డీ విస్కస్, టార్సెన్ 1.8తోనే మొదలైంది. 1.8 డిఫరెన్షియల్ రింగ్ గేర్ (లోపలి పెద్ద పళ్ళచక్రం) 7 అంగుళాలు, మీది 6 అంగుళాలు. ఆయిల్ పట్టే మోతాదు కూడా ఆనవాలే: 1.6కి 0.65 లీటరు, 1.8కి 1 లీటరు. దింపేటప్పుడు కొలపాత్రలో పట్టండి. ఒక్క జాగ్రత్త, పైనున్న ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందని తేలాకే కింది డ్రెయిన్ ప్లగ్ విప్పండి. పైది పట్టేసి ఉంటే ఆయిల్ లేని బండితో ఇరుక్కుపోతారు.

రెండుసీట్లబండి:
చేశానండి. 10 చుట్లకు 43. దింపిన ఆయిల్ 0.6 లీటరు పైచిలుకు. గేర్‌లో మెల్లగా తిరుగుతోంది, గట్టిగా తోస్తే ఎదురు నెడుతోంది. ప్లగ్ అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పేస్ట్ తప్ప ముక్కలేం లేవు.

ఇరుసు_నిపుణుడు:
అయితే విస్కసే, అదీ ఫ్యాక్టరీదే. పేస్ట్ మామూలే, గోటికి గుచ్చుకునే లోహపు ముక్కలు వస్తేనే కంగారు పడాలి.

దాని ఆరోగ్యం చూడాలంటే న్యూట్రల్‌లో ఒక వెనక చక్రం నేల మీద ఉంచి, దానికి రెండు వైపులా అడ్డాలు పెట్టి, రెండోది లేపండి. లేపిన చక్రానికి రెండు స్టడ్ల మీద పొడవాటి బార్ బిగించి ఒకే బలంతో నొక్కి పట్టండి. నిదానంగా పాకుతూ కదిలితే బాగున్నట్టు. అడ్డు లేకుండా గిర్రున తిరిగితే లోపలి సిలికోన్ ద్రవం పోయినట్టు. అసలు కదలకపోతే ప్లేట్లు పట్టేశాయి, అలాంటి బండి పార్కింగ్‌లో ఇరుకుగా తిప్పేటప్పుడు వెనక టైర్లను ఈడ్చుకుంటూ వెళ్తుంది. హబ్ నట్ మీద రెంచ్ పెట్టి ఈ పరీక్ష చేయొద్దు, విప్పే వైపు తిప్పితే నొక్కి ఉంచిన నట్ లాక్ చెడుతుంది.

పళ్ళచక్రం:
మాడిఫయర్ అక్కర్లేదు. విస్కస్ భాగం సీలు వేసిన డబ్బా, మీరు పోసే గేర్ ఆయిల్ దాని లోపలికి పోదు. మామూలు జీఎల్-5 75డబ్ల్యూ-90 సరిపోతుంది, బండి సమతలంగా ఉండగా ఫిల్లర్ రంధ్రం అంచు దాకా పోయండి. మాడిఫయర్ ప్లేట్ల రకానికే. అది తక్కువైతే నెమ్మది మలుపుల్లో టకటకమని కొట్టుకుంటుంది. ఎల్‌ఎస్‌డీ అని రాసున్న ఆయిల్‌లో అప్పటికే కలిసి ఉంటుంది, మళ్ళీ పోస్తే ప్లేట్లు జారిపోతాయి.

ద్రవం పోయిందని తేలితే ఆ డబ్బాను బాగుచేయించే ఆలోచన పెట్టుకోకండి. 1.8 టార్సెన్‌కు మారాలంటే డిఫరెన్షియల్ ఒక్కటే కొంటే చాలదు, దాని హాఫ్ షాఫ్టులు (డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు వెళ్ళే కడ్డీలు), సరిపడే ప్రాప్ షాఫ్ట్ కూడా ఒకే బండి నుంచి సెట్టుగా తీసుకోండి.