గేజి మారే చోట ఖర్చు: లెక్కలో ఎక్కడ రాయాలి?

పట్టాలబాట:
రకరకాల సాంకేతికతలు కలిసే నెట్‌వర్కును రూపొందించేటప్పుడు ఒకదాని నుంచి మరొకదానికి మారే ఖర్చును ఎలా లెక్కగట్టాలి? గుంతకల్లునే తీసుకుందాం. గేజి అంటే రెండు పట్టాల నడుమ దూరం. మద్రాసు–బొంబాయి బ్రాడ్‌గేజి (1,676 మి.మీ.) లైను మీది ఆ జంక్షనుకు గుంటూరు, హుబ్బళ్ళి, బెంగళూరు వైపుల నుంచి మీటర్‌గేజి (1,000 మి.మీ.) లైన్లు వచ్చి కలిసేవి. ఒక గేజి వ్యాగను రెండో గేజి మీద నడవదు. సరుకు దించి మళ్ళీ ఎక్కించాల్సిందే. దీనికి కొత్త గణితం అక్కర్లేదని నా వాదన. గుంతకల్లును కాగితం మీద రెండు స్టేషన్లుగా విడగొట్టి, నడుమ ఒక గీత గీసి, టన్నుకు ఇంత అని రాస్తే చాలు. ఆ తర్వాత అది మామూలుగా చవకదారి వెతికే లెక్కే.

యార్డుపక్కిల్లు:
ఆ ‘టన్నుకు ఇంత’ దగ్గరే నాకు పేచీ. మా నాన్నగారు ఇలాంటి యార్డులోనే గుమాస్తా. దించే కూలి కన్నా, అవతలి గేజి వ్యాగన్లు రాక సరుకుతో నిలబడిపోయిన ఇవతలి వ్యాగన్లే పెద్ద నష్టమని ఆయన చెప్పేవారు. షెడ్లు, మనుషులు సరుకు వచ్చినా రాకపోయినా ఉండాలి. యార్డు సగం ఖాళీగా ఉన్నప్పుడు ఇంకో టన్ను వచ్చినా ఎవరికీ తెలియదు. నిండిన రోజున అదే టన్ను వెనకున్నవాటన్నిటినీ ఆపేస్తుంది. ఒక్క ధరతో ఈ రెండు రోజులనూ ఎలా చూపిస్తారు?

పట్టాలబాట:
ఒప్పుకుంటున్నాను. అయితే స్థిరమైన ఖర్చు, సామర్థ్యానికి హద్దు, రెండింటినీ ఆ నడిమి గీతకే తగిలించవచ్చు. లెక్క బరువెక్కుతుంది కానీ నమూనా మారదు.

తుంగభద్ర:
లైన్లు ఇప్పటికే వేసి ఉంటే మీ మాట నిజం. ఏ లైను ఏ గేజిలో ఉండాలో కూడా మనమే తేల్చాల్సి వస్తే అసలు చిక్కు బయటపడుతుంది. క, ఖ, గ, ఘ అని వరుసగా నాలుగు స్టేషన్లు, అన్నీ మీటర్‌గేజి. నడుమనున్న ఖ–గ ముక్కనొక్కదాన్నే బ్రాడ్‌గేజిగా మార్చారనుకోండి. ఆ ముక్క ఖాతాలో లాభమే కనిపిస్తుంది. కానీ అంతవరకు ఎక్కడా దిగకుండా క నుంచి ఘ వరకు వెళ్ళిన బస్తా ఇప్పుడు రెండుసార్లు దిగి ఎక్కుతుంది! పక్క ముక్క కూడా మారిస్తే ఒకసారి. మూడోదీ మారిస్తే ఒక్కసారీ లేదు. అంటే ఒక ముక్కను మార్చడం వల్ల వచ్చే లాభం దాని ఇరుగుపొరుగుల మీద ఆధారపడుతుంది. ముక్కముక్కకీ విడివిడిగా లాభనష్టాలు రాసి కూడితే తప్పుడు జవాబే వస్తుంది. ఖర్చు రాయవలసింది గీత మీద కాదు, స్టేషనులో కలిసే రెండు గీతల జత మీద. 1992లో లైన్లను ఒకే గేజికి (బ్రాడ్‌గేజికి) మార్చే యూనిగేజ్ పథకం మొదలయ్యాక మన దగ్గర వేల కిలోమీటర్లు మారాయి. అలాంటి పనిలో ముందు ఏది, తర్వాత ఏది అన్న వరుస కూడా డబ్బే.

యార్డుపక్కిల్లు:
ఇది నాకు తట్టలేదు. అయితే మొదట్లోనే అంతా ఒకే గేజిలో వేసి ఉండాల్సిందని అంటారా?

తుంగభద్ర:
అనను. 1870ల్లో మీటర్‌గేజి మొదలుపెట్టింది కట్టుబడి ఖర్చు తగ్గుతుందని, సరుకు తక్కువ ఉండే ప్రాంతాలకు అది చాలునని. సరుకు పెరిగాక ఆ పొదుపునంతా గుంతకల్లు వంటి చోట్ల తిరిగి కట్టవలసి వచ్చింది. ఏ ఏడు సరుకును లెక్కలోకి తీసుకున్నామన్న దాన్ని బట్టి జవాబే తలకిందులవుతుంది.

ఇగత్‌పురి:
మార్పిడి స్టేషనులోనే జరగాలని అందరూ ఎందుకు అనుకుంటున్నారు? రైలు ఇంజన్లకు కరెంటిచ్చే పై తీగల్లో ముంబయి చుట్టూ 1,500 వోల్టుల డీసీ, దాని బయట 25,000 వోల్టుల ఏసీ ఉండేవి. 1970ల్లో పశ్చిమ రైల్వేకు రెండింటి మీదా నడిచే ఇంజన్లు వచ్చాక, ఆ ఇంజన్లున్న రైళ్ళకు, ఆ రెండు కరెంట్లూ కలిసే విరార్ స్టేషనులో ఇంజను మార్చే పని తప్పింది. మార్పిడి ఖర్చు స్టేషనును వదిలి ఇంజను ధరలోకి చేరింది. పట్టాలబాట గారూ, దాన్ని మీ నడిమి గీత మీద ఎక్కడ రాస్తారు?

పట్టాలబాట:
గీత మీద రాయలేను. ఎన్ని ఇంజన్లు కొనాలన్నది విడిగా మరో నిర్ణయంగా పెట్టాలి. పైగా ముంబయిలో 2016 నాటికి డీసీ పూర్తిగా పోయింది. అంటే ఆ అదనపు ధరను ఎన్నేళ్ళకు పంచాలో కూడా ముందే తేల్చుకోవాలి. నా మొదటి వాదనను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ నాలుగు స్టేషన్ల లెక్కను ఈ ఇంజన్లతో మళ్ళీ వేసి ఇక్కడే పెడతాను.