ముందు చక్రంలో అప్పుడప్పుడు టిక్ టిక్ శబ్దం, బేరింగా? డిస్కా?

బండి పని తెలిసిన అన్నలెవరైనా ఉంటే కాస్త చెప్పండి. నాది ముందు డిస్క్ బ్రేకు ఉన్న 125 సీసీ బండి. కావలి నుంచి ఇస్కపల్లి ఉప్పు కొటార్ల వైపు పని మీద తిరుగుతుంటాను, ఆ గాలికి ఇనుము ఏదైనా తొందరగా తుప్పు పడుతుంది.

30, 40 స్పీడులో ముందు చక్రం దగ్గర టిక్ టిక్ అని, చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకటి చొప్పున వస్తుంది, స్పీడు పెంచితే దగ్గర దగ్గరగా పడుతుంది, క్లచ్ పట్టుకుని బండిని దానంతటదే పోనిచ్చినా అంతే, కాబట్టి ఇంజిన్‌ది కాదు. ముందు బ్రేకు కొంచెం తాకిస్తే చాలు, ఆగిపోతుంది. కొన్ని రోజులు అసలు రాదు. మెకానిక్ నడిపి చూసినప్పుడు కూడా రాలేదు, అయినా బేరింగులు మార్చేద్దాం అంటున్నాడు.

సెంటర్ స్టాండ్ వేసి, చక్రం పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాను, లూజు లేదు. చేత్తో మెల్లగా తిప్పితే మాత్రం ఒక్కచోట డిస్కు ప్యాడ్‌కి సన్నగా రాసుకుంటోంది, అక్కడే డిస్కు మీద జానెడు మేర మెరుపు ఎక్కువగా ఉంది. అందుకే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) జరిగే పిన్నులు తుప్పుతో పట్టేశాయేమో, లేకపోతే డిస్కు కొంచెం వంగిందేమో అని నా అనుమానం.

బేరింగ్ పోతే బ్రేకు తాకగానే శబ్దం ఆగుతుందా? స్పీడోమీటర్ గేరు వల్ల కూడా ఇలా వస్తుందా? పిన్నులకు మామూలు గ్రీజు పెడితే రబ్బర్లు ఉబ్బుతాయంటారు, సిలికాన్ గ్రీజే పెట్టాలా? పాపను ఎక్కించుకుని హైవే ఎక్కాలంటే టెన్షన్‌గా ఉంది. డయల్ గేజ్ (వంపు కొలిచే పరికరం) లేకుండా డిస్కు వంపు ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఏదైనా ఉంటే అదీ చెప్పండి.