హిట్లర్ అధికారాన్ని "చేజిక్కించుకున్నాడు" అనొచ్చా?

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. గ్రూప్ 1కి ప్రిపేరయ్యే పిల్లల కోసం ప్రపంచ చరిత్ర నోట్స్ తెలుగులో రాస్తున్నానండి, జర్మనీ దగ్గరికొచ్చేసరికి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "1933 జనవరి 30న హిట్లర్ అధికారాన్ని చేజిక్కించుకున్నాడు" అని రాస్తే మా కొలీగ్ చూసి "అదేంటి, ఎన్నికల్లో గెలిచి వచ్చాడు కదా, చేజిక్కించుకోవడం ఏంటి" అంది. ఒక పుస్తకంలో "హస్తగతం చేసుకున్నాడు" అనుంది, ఇంకోదాంట్లో "గద్దెనెక్కాడు" అనుంది. ఏది రాస్తే సరిగ్గా ఉంటుందో చెప్పగలరా?

*

అమ్మా, నేను హిస్టరీ లెక్చరర్‌గా రిటైరయ్యాను, ఈ వాక్యం నన్ను చాలా ఏళ్ల నుంచి బాధపెడుతోంది కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా, ఓపిగ్గా చదవండి. నన్నడిగితే ఆ తేదీకి సరిపడే తెలుగు మాట "కట్టబెట్టారు". హిట్లర్‌కి అధికారం కట్టబెట్టారు.

మీ కొలీగ్ గారి మాట ముందు చూద్దాం. 1932 జులై ఎన్నికల్లో నాజీలకి 37.3 శాతం ఓట్లు, 608 సీట్లలో 230 వచ్చాయి. పెద్ద పార్టీయే గానీ మెజారిటీ లేదు. నవంబర్ 6న మళ్లీ ఎన్నికలొస్తే 33.1 శాతానికి పడిపోయి 584లో 196 సీట్లకి దిగారు, నాలుగు నెలల్లో దాదాపు 20 లక్షల ఓట్లు పోయాయి, పార్టీ దగ్గర డబ్బుల్లేవు, లోపల కీచులాటలు. అంటే గెలిచి వచ్చినవాడు కాదు, ఓట్లు పోగొట్టుకుంటున్న టైంలో పిలిచి కూర్చోబెట్టారు.

ఎవరు పిలిచారు అంటే, 1933 జనవరి 4న కొలోన్‌లో ష్రోడర్ అనే బ్యాంకరు ఇంట్లో పాపెన్, హిట్లర్ మాట్లాడుకున్నారు. పాపెన్ మాజీ చాన్సలర్ (మన ప్రధానమంత్రి లాంటి పదవి), తన కుర్చీ లాగేసిన అప్పటి చాన్సలర్ ష్లైషర్ మీద కసితో ఉన్నాడు. ప్రెసిడెంటు హిండెన్‌బర్గ్‌కి అప్పటికి 85 ఏళ్లు, హిట్లర్ అంటే ఆయనకి బొత్తిగా గిట్టదు. అయినా పాపెనూ, ప్రెసిడెంటు కొడుకు ఆస్కరూ, చుట్టూ ఉన్నవాళ్లూ కలిసి ఆయన్ని ఒప్పించారు. కొత్త కేబినెట్లో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే, హిట్లర్, ఫ్రిక్, గోరింగ్. మిగతా అంతా పాత దొరలూ వాళ్ల మనుషులూ, వైస్ చాన్సలర్ పాపెనే. వీణ్ణి మన గుప్పిట్లో పెట్టుకుని ఆడిద్దాం అనుకున్నారు.

ఇప్పుడు మాట సంగతి. తెలుగులో క్రియకి "కొను" తగిలిస్తే ఆ పని చేసినవాడు తన కోసం తాను చేసుకున్నట్టు. లాక్కున్నాడు, చేజిక్కించుకున్నాడు, హస్తగతం చేసుకున్నాడు, అన్నిట్లోనూ కర్త ఒక్కడే, ఇచ్చినవాడు ఎక్కడా కనపడడు. "కట్టబెట్టు", "అప్పజెప్పు" అంటే మాత్రం ఎవరు అనే ప్రశ్న దానంతటదే వస్తుంది. పైగా కట్టబెట్టడంలో తప్పు పట్టే ధ్వని ఉంది, ఆ తాగుబోతుకి పిల్లని కట్టబెట్టారు అంటాం చూడండి, అక్కడ మన కోపం అల్లుడి మీద కంటే పెళ్లి చేసినవాళ్ల మీదే ఎక్కువ. జర్మన్లలో కూడా ఈ మాట మీద వాదన ఉంది, అధికారం పట్టుకోవడం అనే అర్థమొచ్చే మాట ఒకటీ, అధికారం అప్పగించడం అనే అర్థమొచ్చే మాట ఇంకోటీ ఉన్నాయి, జనవరి 30కి రెండోదే సరైందని చాలామంది చరిత్రకారులు అంటారు.

*

మాస్టారూ, మీరంటే గౌరవమే కానీ ఇలా రాస్తే హిట్లర్ పాపం పాపెన్ మీదకి నెట్టినట్టు అవదా? పిల్లలు చదివి "ఓహో పాపం వాళ్లిచ్చారు, ఈయన తీసుకున్నాడు" అనుకోరా?

*

సరైన అనుమానం తమ్ముడూ. అందుకే ఒక్క క్రియతో సరిపెట్టకూడదు అంటున్నా. జనవరి 30కి కట్టబెట్టారు అని రాయాలి, ఆ తర్వాత నుంచి "కొను" మొదలుపెట్టాలి. జర్మనీలో అతిపెద్ద రాష్ట్రమైన ప్రష్యా పోలీసు గోరింగ్ చేతిలోకి వెళ్లింది, ఫిబ్రవరిలో పార్టీ గూండాలని, ఎస్‌ఏ వాళ్లనీ ఎస్‌ఎస్ వాళ్లనీ, సహాయ పోలీసులుగా పెట్టుకున్నాడు. వీధుల్లో కొట్టినవాడి చేతికే బ్యాడ్జీ ఇచ్చారంటే ఇంక ఫిర్యాదు ఎవరికి చేస్తారు చెప్పండి. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది, తెల్లారి 28న ప్రెసిడెంటు సంతకంతో డిక్రీ, అంటే మన ఆర్డినెన్స్ లాంటి ఆజ్ఞ, వచ్చింది, వాక్ స్వాతంత్ర్యం, పత్రికలు, సభలు, ఉత్తరాల గోప్యత, వారెంటు లేకుండా అరెస్టు చేయకూడదనే రక్షణ అన్నీ ఒక్క కాగితంతో ఆగిపోయాయి. "తాత్కాలికంగా" అనే రాశారు, 1945 దాకా ఎత్తలేదు.

ఇంత చేసినా మార్చి 5 ఎన్నికల్లో 43.9 శాతమే. మెజారిటీ రాలేదు. ఇది పిల్లలకి తప్పకుండా చెప్పండి.

*

మేడం గారికి నాదొక మాట. "ప్రజాస్వామ్యం కూలిపోయింది" అని కూడా నోట్స్‌లో రాసే ఉంటారు, దాన్నీ చూడాలి, దానంతటది కూలిందా? 1930 మార్చిలో చాన్సలర్ ముల్లర్ ప్రభుత్వం నిరుద్యోగ బీమా చందా మీద తగువుతో పడిపోయింది, ఆ తర్వాత వచ్చిన బ్రూనింగ్‌కి సభలో మెజారిటీ లేదు, ప్రెసిడెంటు రాజ్యాంగం 48వ అధికరణ కింద డిక్రీలిస్తే వాటి మీద నడిపాడు. 1930లో పార్లమెంటు చేసిన చట్టాలు 98, డిక్రీలు 5. 1931లో చట్టాలు 34, డిక్రీలు 44. 1932కి చట్టాలు 5, డిక్రీలు 66. హిట్లర్ రాకముందే సభని మూలన పడేశారు. నేనైతే "పార్లమెంటుని మూలన పడేశారు" అనే రాస్తా, మన జనం రోజూ వాడే మాట, కర్త ఎవరో కూడా తెలుస్తుంది.

*

చాలా థాంక్సండి అందరికీ. మాస్టారూ, ఇంకొక్కటి. మార్చి 23 చట్టాన్ని అందరూ "ఎనేబ్లింగ్ యాక్ట్" అనే రాస్తున్నారు, తెలుగు మాట ఏమైనా ఉందా?

*

అమ్మా, "దఖలు" వాడొచ్చు. ఆస్తి దఖలు పరిచాడు, అధికారాలు దఖలు పడ్డాయి అని దస్తావేజుల్లో, ఆఫీసు కాగితాల్లో ఉండే మాటే. "శాసనాధికార దఖలు చట్టం" అంటే జరిగింది జరిగినట్టు చెప్పినట్టే, చట్టాలు చేసే అధికారాన్ని సభ తన చేత్తో మంత్రివర్గానికి రాసిచ్చేసింది, రాజ్యాంగానికి విరుద్ధంగా ఉన్నా సరే చెల్లుతుందని కూడా అందులోనే రాసుకున్నారు. దాని అసలు పేరు మాత్రం "ప్రజల, దేశపు కష్టాలు తీర్చే చట్టం".

ఆ రోజు సభ క్రోల్ ఒపెరా హౌస్‌లో జరిగింది, లోపలా బయటా ఎస్‌ఏ వాళ్లే. కమ్యూనిస్టులు 81 మంది గెలిస్తే ఒక్కర్నీ రానివ్వలేదు, సోషల్ డెమొక్రాట్లలో కొందరు అప్పటికే జైల్లోనో అజ్ఞాతంలోనో ఉన్నారు. మిగిలిన 94 మందీ వ్యతిరేకంగా ఓటేశారు. వాళ్ల నాయకుడు ఓట్టో వెల్స్ లేచి "మా స్వేచ్ఛనీ ప్రాణాన్నీ తీసుకోగలరు, మా గౌరవాన్ని తీసుకోలేరు" అన్నాడు. అనుకూలంగా 444. అందులో కాథలిక్కుల సెంటర్ పార్టీ కూడా ఉంది. అక్కడ కూడా "కట్టబెట్టారు" సరిగ్గా సరిపోతుంది.

*

ఎగ్జామ్ రాసేవాళ్ల కోసం ఇంకోటి కలపండి. ఎమర్జెన్సీలో ప్రాథమిక హక్కుల్ని నిలిపేయడం మన రాజ్యాంగంలోకి వైమార్ (హిట్లర్‌కి ముందునాటి జర్మనీ రాజ్యాంగం) నుంచి వచ్చింది అని బిట్‌గా బట్టీ పడతారు, కానీ ఆ వైమార్‌కి ఏమైందో ఎవరూ అడగరు. 1949 ఆగస్టులో మన రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ గారు ఇదే ఎత్తి చూపి, ఇలాంటి అధికారాలతోనే హిట్లర్ ఆ రాజ్యాంగాన్ని నాశనం చేశాడని హెచ్చరించారు. 1975 జూన్ 25న "అంతర్గత కల్లోలం" అనే మాట మీదే మన దగ్గర ఎమర్జెన్సీ పెట్టారు, 44వ సవరణలో ఆ మాట తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని మార్చారు. ఒక్క మాట ఎంత వదులుగా ఉంటే అంత పని చేయించుకోవచ్చని అప్పుడు తెలిసొచ్చింది మనవాళ్లకి.

*

సరేనండి, ఇలా మార్చాను చూడండి: "1930 నుంచే పార్లమెంటుని మూలన పడేసి డిక్రీలతో పాలించారు. 1933 జనవరి 30న పాపెన్ వర్గం, హిండెన్‌బర్గ్ కలిసి హిట్లర్‌కి చాన్సలర్ పదవి కట్టబెట్టారు. ఫిబ్రవరి 28 డిక్రీతో, మార్చి 23 దఖలు చట్టంతో అతను సర్వాధికారాలూ చేజిక్కించుకున్నాడు." కొలీగ్‌కి కూడా చూపించా, "దఖలు" పిల్లలకి తెలీదేమో, పక్కన ఎనేబ్లింగ్ యాక్ట్ అని పెట్టు అంది.

*

పెట్టండి అమ్మా, పేపర్లో ఆ పేరుతోనే అడుగుతారు. "పాపెన్ వర్గం" అన్నచోట మాత్రం బ్యాంకరు ఇంట్లో మీటింగ్ తేదీ కూడా వేయండి.