ఎర్రర్ 6 పోతే 1004 వచ్చింది, మాక్రోలో తప్పెక్కడుంది?

ప్రశ్న:
ఏడాదిగా బాగా నడిచిన ఎక్సెల్ మాక్రో (పనిని దానంతటదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్) పోయిన వారం నుంచి మొరాయిస్తోంది. చేసే పని చిన్నదే. డేటా షీట్లో వరుసలు ఒక్కొక్కటిగా చదివి, ఐటమ్ పేరును రిపోర్ట్ షీట్లో ఫైండ్‌తో వెతికి, ఆ వరుసలో ఉన్న అంకెకు కలపాలి. ముందు రన్‌టైమ్ ఎర్రర్ 6, ఓవర్‌ఫ్లో అంది. ఎవరో చెబితే వరుస నంబరు పెట్టే వేరియబుల్ రకాన్ని ఇంటిజర్ నుంచి లాంగ్‌కి (ఇంకా పెద్ద అంకెలు పట్టే రకం) మార్చాను, పోయింది, ఎందుకు పోయిందో తెలీదు. ఇప్పుడు 1004. అది కూడా డేటా షీట్ తెరిచి ఆల్ట్ ఎఫ్8తో నడిపితే రాదు, రిపోర్ట్ షీట్లో కొత్తగా పెట్టిన బటన్ నొక్కితేనే వస్తుంది. విసుగొచ్చి కోడ్ పైన ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ (ఎర్రర్ వచ్చినా ఆగకుండా తర్వాతి లైన్‌కి పొమ్మనే లైన్) పెట్టేశాను. ఇక బటన్ నొక్కితే రిపోర్ట్ అసలు మారట్లేదు, డేటా షీట్ నుంచి నడిపితే కొన్ని ఐటమ్‌ల లెక్క తప్పుతోంది.

జవాబు 1:
ముందు ఆ ఆన్ ఎర్రర్ లైన్ తీసేయండి, అది ఎర్రర్‌ని బాగు చెయ్యదు, నోరు నొక్కుతుంది అంతే. ఓవర్‌ఫ్లో సంగతి తేలికే. వీబీఏలో (మాక్రోలు రాసే భాష) ఇంటిజర్ 32,767 దాటి పట్టదు, షీట్లో ఏమో 2007 వెర్షన్ నుంచి 10,48,576 వరుసలున్నాయి. మీ డేటా ఈసారి 32,767 వరుసలు దాటుంటుంది, కోడ్ ఏమీ చెడిపోలేదు. వరుస నంబర్లకి ఎప్పుడూ లాంగ్ వాడండి.

జవాబు 2:
1004 అనేది నానా రకాల తప్పులకీ వచ్చే నంబరు, దాన్ని చూసి ఏమీ చెప్పలేం. డీబగ్ నొక్కితే ఏ లైన్ పసుపు రంగులోకి వస్తోంది? నా అనుమానం, డేటా షీట్ పేరు రాసి, డాట్ రేంజ్ అని, బ్రాకెట్లో మాత్రం ముందు షీట్ పేరు లేకుండా ఉత్త సెల్స్ అని రాసుంటారు. మామూలు మాడ్యూల్లో ఆ ఉత్త సెల్స్ అంటే అప్పుడు తెరిచున్న షీట్‌వి. రేంజ్ ఒక షీట్‌ది, సెల్స్ ఇంకో షీట్‌వి అయితే 1004 రాక ఏమొస్తుంది? డేటా షీట్ పేరుతో విత్ బ్లాక్ పెట్టి, లోపల రేంజ్ ముందూ, రెండు సెల్స్ ముందూ డాట్ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
అచ్చం అదేనండీ! డాట్లు పెట్టాను, బటన్ పనిచేసింది. ఆన్ ఎర్రర్ లైన్ తీసేశాక మాత్రం ఫైండ్ ఉన్న లైన్ దగ్గర ఎర్రర్ 91 వచ్చింది. అదీ అన్నిటికీ కాదు, కొన్ని పేర్లకే. ఆ పేర్లు రిపోర్ట్ షీట్లో కళ్ల ముందే కనిపిస్తున్నాయి మరి.

జవాబు 2:
మీ లెక్క తప్పింది ఇక్కడే. ఫైండ్‌కి పేరు దొరక్కపోతే నథింగ్, అంటే ఏ సెల్లూ లేదని ఇస్తుంది, మీరు దాని వెనకే డాట్ రో అని అడుగుతున్నారు, అందుకే 91. ఇంతకుముందు ఆ ఎర్రర్‌ని మింగేశారు కాబట్టి వరుస నంబరు మారకుండా పాతదే ఉండిపోయి, ఈ ఐటమ్ అంకె దాని ముందు ఐటమ్‌లో కలిసిపోయింది. ఫైండ్ ఫలితాన్ని సెట్‌తో ఒక వేరియబుల్లో పెట్టి, నథింగ్ కాదని చూశాకే వాడండి. ఇంకోటి, ఫైండ్ కిందటిసారి సెట్టింగులు గుర్తు పెట్టుకుంటుంది, కంట్రోల్ ఎఫ్ డబ్బాలో మీరు చేత్తో పెట్టినవి కూడా. లుక్‌ఇన్ (సెల్‌లో దేన్ని చూసి వెతకాలి), లుక్‌ఎట్ (సెల్ మొత్తం సరిపోలాలా, కొంత చాలా) రెండూ కోడ్‌లోనే రాసేయండి, లేకపోతే ఒకరోజు దొరికిన పేరు ఇంకోరోజు దొరకదు.

ప్రశ్న అడిగినవారు:
దొరికింది. పోయిన వారం నేనే కంట్రోల్ ఎఫ్‌లో సెల్ మొత్తం సరిపోలాలి అన్నచోట టిక్ పెట్టి ఏదో వెతికాను. రిపోర్ట్ షీట్లో కొన్ని పేర్ల చివర ఒక స్పేస్ ఉంది, అవే దొరకట్లేదు. స్పేస్‌లు తీసేసి, లుక్‌ఎట్ రాసేసి నడిపితే అన్నీ సరిపోయాయి. ఈ వారంలో ఇప్పటికే రెండు రిపోర్టులు తప్పు అంకెలతో పైకి పంపేశాను, వాటికి సవరణ పంపాలిప్పుడు, అదీ టెన్షన్.