జో ఫ్రేజియర్ అంటే అలీ చేతిలో ఓడినవాడేనా?

ప్రశ్న:
మహమ్మద్ అలీ పాత ఫైట్లు వరుసగా చూస్తున్నాను. ఎక్కడ చూసినా జో ఫ్రేజియర్ పేరు వస్తోంది, కానీ అలీ కథలో ఒక పాత్రలాగే. ఇద్దరూ మూడుసార్లు తలపడితే రెండుసార్లు అలీయే గెలిచాడు. మరి ఫ్రేజియర్‌ని అంత గొప్ప చాంపియన్ అని ఎందుకంటారు? బాక్సింగ్ తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు 1:
నేను విశాఖలో కుర్రాళ్ళకి బాక్సింగ్ నేర్పుతాను. "సార్, వాడి చెయ్యి నాకంటే పొడుగు, నేనేం చెయ్యను?" అని ఎవరైనా నీరసపడితే ఫ్రేజియర్ వీడియోలే చూపిస్తాను. ఆయన ఎత్తు ఆరడుగులకు కాస్త తక్కువ, అలీది 6 అడుగుల 3 అంగుళాలు. అంత తేడా ఉన్నా వెనక్కి తగ్గడు. నడుము వంచి అటూ ఇటూ ఊగుతూ, జాబ్ (చెయ్యి చాచి నేరుగా కొట్టే పంచ్) కిందనుంచి దూరిపోతాడు. ముందు డొక్కల్లో కొడతాడు. ఆ దెబ్బలకి ఎదుటివాడి చేతులు కిందికి దిగుతాయి, అప్పుడు పడుతుంది ఎడమ హుక్, అంటే మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే పంచ్. చూసేవాళ్ళకి మొరటుగా మీద పడుతున్నట్టు ఉంటుంది గానీ, మోకాళ్ళలో ఎంత బలం, ఎంత దమ్ము ఉంటే అలా 15 రౌండ్లు ఆడగలడు!

1964 టోక్యో ఒలింపిక్స్‌కి అసలు వెళ్ళాల్సింది బస్టర్ మాథిస్. అతని చేతికి గాయమైతే ఫ్రేజియర్‌ని పంపారు. సెమీఫైనల్లో బొటనవేలు విరిగింది. ఆ చేత్తోనే ఫైనల్ ఆడి స్వర్ణం తెచ్చాడు. ఇందులో అలీ ఎక్కడున్నాడు?

1971 మార్చి 8న న్యూయార్క్‌లో మాత్రం ఇద్దరూ అప్పటిదాకా ఓటమి ఎరగని వాళ్ళే. పదిహేనో రౌండ్‌లో ఆ ఎడమ హుక్కే అలీని వెల్లకిలా పడేసింది. ప్రొఫెషనల్‌గా అలీకి అదే మొదటి ఓటమి.

జవాబు 2:
అలీ బాక్సింగ్ లైసెన్సు పోయి ఫైట్లు లేని రోజుల్లో డబ్బు సాయం చేసింది ఫ్రేజియరే అంటారు. అలీకి లైసెన్సు తిరిగి ఇవ్వాలని కూడా మాట్లాడాడు. ఆ తర్వాత అలీ ఆయన్ని గొరిల్లా అని, తెల్లవాళ్ళ మనిషి అని అందరిముందూ ఎగతాళి చేశాడు. నాకు అలీ అంటే ప్రాణం, అయినా అది చాలా తప్పు. 2001లో అలీ క్షమాపణ చెప్పాడు, కానీ ఆ మాటలు ఫ్రేజియర్ పిల్లలు కూడా పడ్డారు.

జవాబు 3:
ఫిలడెల్ఫియా దగ్గర ఉంటాం. ఇక్కడి మ్యూజియం దగ్గర సినిమా బాక్సర్ రాకీ విగ్రహంతో ఫోటో దిగడానికి జనం క్యూ కడతారు. ఆ ఊళ్ళోనే కబేళాలో పనిచేస్తూ, వేలాడే మాంసాన్ని గుద్ది ప్రాక్టీస్ చేశానని ఫ్రేజియర్ చెప్పుకునేవాడు. అలాంటి మనిషికి విగ్రహం పెట్టింది 2015లో, చనిపోయిన నాలుగేళ్ళకి. మా పిల్లలకి ముందు ఆయన విగ్రహమే చూపించాను.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. కోచ్ గారూ, మరి 1975 మనీలా ఫైట్ సంగతి? అక్కడ ఫ్రేజియర్ వదిలేసుకున్నాడని విన్నాను.

జవాబు 1:
వదిలేసుకోలేదు బాబూ, ఆ మాట ఎవరన్నా నాకు బాధేస్తుంది. 14 రౌండ్లు అయ్యేసరికి ఆయన కుడి కన్ను వాచి మూసుకుపోయింది. ఎడమ కంటికి చూపు ముందునుంచే తక్కువ. పంచ్ ఎటునుంచి వస్తోందో కనపడటం లేదు. అయినా పదిహేనో రౌండ్‌కి లేవబోతే కోచ్ ఎడ్డీ ఫచ్ ఆపేశాడు. ఈరోజు నువ్వు చేసింది ఎవరూ మర్చిపోరు, కూర్చో నాయనా అన్నాడు. నేనైనా ఆపేసేవాణ్ణి. ఫైట్ ముఖ్యమే, పిల్లాడి కళ్ళు అంతకంటే ముఖ్యం.

ఫ్రేజియర్‌కి లోటు లేదని కాదు. 1973లో జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలోనే ఆరుసార్లు పడేశాడు. వంగి లోపలికి వచ్చేవాడికి కిందనుంచి లేచే అప్పర్‌కట్ ఎప్పుడూ ప్రమాదమే.

మీరు ముందు 1970లో జిమ్మీ ఎల్లిస్‌తో ఫైట్ చూడండి. ఎల్లిస్ కార్నర్‌లో, అంటే రౌండ్ల మధ్య అతన్ని చూసుకుంటూ ఉన్నది అలీ కోచ్ ఆంజెలో డండీయే. ఐదో రౌండ్‌కి తన మనిషిని పంపలేదు. చూసేటప్పుడు ఫ్రేజియర్ గ్లవ్స్ కాదు, తల, మోకాళ్ళు గమనించండి.